బాపు ఖర్చి పుస్తకం

(మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో రిటైరైన కార్మికుల కుటుంబాలు కూడిన సభలో ఒక ఎక్స్‌రే టెక్నీషియన్ చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసిపెట్టాం.)

పెద్దలందరికీ శనార్థులు. ముందు కూర్చున్న కాకాలకు, గోడకు ఆనుకొని నిలబడ్డ తమ్ముళ్ళకు, తలుపు పక్కన చాప మీద కూర్చున్న అవ్వలకు, అక్కలకు. ఇందాక చాయ్ తాగేటప్పుడు ఎవరో అన్నారు, "బాయి పని, బాయిలర్ పని చేసింది మొగోళ్ళు గదా, ఆడోళ్ళను ఎందుకు పిలిచిన్రు" అని. ఆ మాటకు జవాబు నా దగ్గర ఉంది, మధ్యలో చెప్తాను. వాళ్ళు లేకపోతే ఇవాళ మనం మొదలుపెట్టే పని, అంటే ఎవరు ఎక్కడ ఏ దుమ్ములో పనిచేశారో రాసిపెట్టే పని, సగం కూడా కాదు.

నేను డాక్టరును కాదు, వకీలును కాదు. ఎక్స్‌రే తీస్తాను. 26 ఏళ్ళ నుంచి అదే పని. "గాలి నిండా పీల్చుకోండి, బిగబట్టండి, కదలొద్దు... ఆఁ, వదలండి" అనే మాట రోజుకు ఎన్నిసార్లు అంటానో లెక్క లేదు. కొందరు బిగబట్టలేరు. రెండు అంకెలు లెక్కపెట్టేసరికి దగ్గు తన్నుకొస్తుంది. మనిషి ఛాతీని ప్లేటుకు ఆనించి అటు తిరిగి నిలబడతాడు గనుక నాకు ముందు కనబడేది వీపు. బొగ్గు బాయిలో దిగినవాళ్ళ వీపు మీద నీలం గీతలుంటాయి. దెబ్బ తగిలినప్పుడు బొగ్గు పొడి చర్మం కింద చిక్కుకొని, పుండు మానినా రంగు మాత్రం ఉండిపోతుంది. పచ్చబొట్టు లాగా. ఆ వీపు చూస్తే నాకు తెలిసిపోతుంది, ఈయన బాయి మనిషని. కానీ డాక్టరు పంపిన చీటీలో మాత్రం ఆ సంగతి ఉండదు. పేరుంటుంది, వయసుంటుంది, ఆడా మగా ఉంటుంది, 'చెస్ట్ పీఏ', అంటే వీపు వైపు నుంచి తీసే ఛాతీ ఎక్స్‌రే, అని ఉంటుంది. ఏం పని చేసేవాడు అనే గడి లేదు. 1700లో ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు తోటి వైద్యులకు చెప్పాడు: రోగిని అడిగే ప్రశ్నల్లో ఇంకొకటి కలపండి, నువ్వు ఏం పని చేస్తావు అని. 300 ఏళ్ళు దాటింది. నా టేబులు మీదికి వచ్చే చీటీలోకి ఆ ప్రశ్న ఇంకా చేరలేదు.

మా బాపు, అంటే మా నాన్న, సంగతి చెప్తాను. నేను ఇక్కడ నిలబడటానికి కారణం అదే.

మాది మంథని దిక్కు. పని కోసం బాపు ప్రాణహిత దాటి ఇటు వచ్చాడు. ఇక్కడ ఒక ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ, గ్యాంగులో చేరాడు. లాగింగ్ పని. ఎరుకలేని తమ్ముళ్ళ కోసం చెప్తున్నా: కరెంటు తయారుచేసే చోట ఆవిరి గొట్టాలుంటాయి, బాయిలర్లుంటాయి, టర్బైన్లుంటాయి. ఆ వేడి బయటికి పోకుండా వాటికి దుప్పటి కప్పినట్టు కప్పాలి. ఆ కప్పే పని లాగింగ్. ఏడాదికోసారి మిషను ఆపి ఓవర్‌హాలింగ్ చేసేటప్పుడు పాత లాగింగంతా సుత్తె, ఛెన్నీ పెట్టి కొట్టేసి, మళ్ళీ కొత్తది వేయాలి. ఒక చోట పని అయిపోతే గ్యాంగు ఇంకో చోటికి. ఈ రాష్ట్రం, ఆ రాష్ట్రం, మధ్యప్రదేశ్. బాపు ఇంట్లో ఉన్న నెలలకన్నా బయట ఉన్న నెలలే ఎక్కువ. ఏ కంపెనీ మస్టర్లోనూ ఆయన పేరు లేదు. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, మనిషి, అంతే.

వాళ్ళు వాడిన సామాను పేరు బాపుకు తెలియదు. రోప్ అనేవాడు, తెల్లటి మెత్తటి తాడు. ఇంకొకటి తెల్ల మట్టి. సంచిలోంచి గమేళాలో పోసి, నీళ్ళు కలిపి, చేత్తో పిసికి, గొట్టం మీద ముద్దలు ముద్దలుగా మెత్తేవాళ్ళు. సంచి దులిపినప్పుడు ఎదుటి మనిషి కనబడేవాడు కాదని చెప్పేవాడు. ముక్కుకు తువ్వాల కట్టుకునేవాళ్ళు. ఆ పోగు తువ్వాల నేత సందుల్లోంచి హాయిగా దూరిపోయేంత సన్నం. అది ఆస్బెస్టాస్, అంటే రాతినార, అని మాకు తెలిసేసరికి బాపు లేడు.

ఆయనకు 60 దాటినంక దమ్ము మొదలైంది. మొదట మెట్లెక్కితే. తర్వాత పంపు కాడికి పోయి వస్తే. తర్వాత అంగీ తొడుక్కుంటే. టీబీ అన్నారు. తెమడలో ఏమీ రాలేదు, అయినా టీబీ గోలీలు ఒక కోర్సు, మళ్ళీ ఇంకో కోర్సు మింగించారు. ఆయన ఛాతీ ఫిల్ము తీసింది నేను. నా చేత్తోనే తీశాను. ఊపిరితిత్తుల అడుగున, పొట్టకూ ఛాతీకీ మధ్య గొడుగులా ఉండే కండ మీద, సున్నంతో గీసినట్టు రెండు తెల్ల గీతలున్నాయి. ఫిల్ము ఆరబెట్టి, కవర్లో పెట్టి, డాక్టరుకు ఇచ్చేశాను. ఆ గీతల అర్థం నాకు తెలియదు. ఆయన పోయిన రెండేళ్ళకు నాగపూర్లో ఊపిరితిత్తుల రోగాల మీద ఒక శిక్షణ జరిగింది. అక్కడ తెర మీద అలాంటి ఫిల్ము వేసి చెప్పారు, ఈ సున్నపు గీతలు ఆస్బెస్టాస్ ముట్టినవాళ్ళలో 20, 30 ఏళ్ళ తర్వాత కనబడతాయని. నేను లేచి బయటికి వచ్చేశాను.

మరునాడు బాపు ఫిల్ము తీసుకెళ్ళి ఆ పాఠం చెప్పిన డాక్టరుకు చూపించాను. ఆయన కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. ఏం పని చేసేవారు అని అడిగాడు. లాగింగ్ అన్నాను. ఎక్కడ? ఏ ఏళ్ళలో? ఏం ముట్టుకునేవారు? పాతది కొట్టేవారా, కొత్తది కట్టేవారా? పక్కన ఎవరు పనిచేసేవారు? నా దగ్గర ఒక్క దానికీ జవాబు లేదు. కన్నబిడ్డను. 30 ఏళ్ళు ఆ మనిషి సంపాదన తిన్నదాన్ని. ఆయన పొద్దంతా ఏం చేసేవాడో నాకు తెలియదు.

ఇదిగో, ఈ పుస్తకం. వెనకవాళ్ళకు కూడా కనబడాలి. అరచేతి అంత, ఎర్ర అట్ట, అంచులు ఎలుక కొట్టింది. బాపు సందూకులో అడుగున, అవ్వ, అంటే మా అమ్మ, పెండ్లి చీర కింద దొరికింది. ఖర్చి పుస్తకం. ముకద్దం వారానికింత అని చేతిఖర్చుకు పైసలిచ్చి, పని అయినంక లెక్కలో కోసుకునేవాడు. ఆ కోతలో మోసం జరుగుతుందని బాపుకు అనుమానం. అందుకని మూడో తరగతి చదివిన చేత్తో తన లెక్క తాను రాసుకున్నాడు. 1978 నుంచి 1991 దాకా ఉంది. ఒక పేజీ చదువుతాను, ఆయన రాసినట్టే:

"2 నంబర్ బాయిలర్. పాత లాగింగ్ కొట్టుడు 9 దినాలు. రాత్రి పాళీ 4. రోప్ మోసుడు 2 దినాలు. ఖర్చి 20. ఖర్చి 20. జరం వచ్చి 1 దినం నాగ."

కింద పదకొండు పేర్లు. ఆ గ్యాంగులో ఆ నెల ఎవరెవరున్నారో. ఎవరి హాజరీ ఎంతో. చోటు పేరు పేజీ నెత్తిన రాసి ఉంది, అది ఈ సభలో చెప్పను. అట్లాంటి పని దేశంలో ఎన్నో చోట్ల అట్లాగే జరిగింది. ఈ పుస్తకం బాపు తన రోగం కోసం రాసింది కాదు. 20 రూపాయలు ఎక్కడ పోయిందో పట్టుకోవడానికి రాసింది. కానీ డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఇందులోనే ఉంది.

ఇట్లాంటి పుస్తకం ఎంత బలమైందో ఇంకో దేశం సంగతితో చెప్తాను. అమెరికాలో సెలికాఫ్ అనే డాక్టరు ఉండేవాడు. న్యూజెర్సీ రాష్ట్రంలో ప్యాటర్సన్ అనే ఊళ్ళో దవాఖాన పెట్టుకున్నాడు. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ కూలీలు ఆయన దగ్గరికి వచ్చేవారు, ఒకరి వెంట ఒకరికి ఒకే రకం రోగం. ఎంతమందికి వస్తోంది, ఇది పని వల్లనేనా అని తేల్చాలంటే పాత కార్మికుల పట్టీ కావాలి. ఆ పట్టీ ఆయనకు లాగింగ్ కార్మికుల యూనియన్లో దొరికింది. మన బాపు చేసిన పనే చేసేవాళ్ళ యూనియన్. 1942 చివరికి సభ్యులుగా ఉన్న 632 మంది పేర్లు తీసుకొని, 1962 దాకా ఒక్కొక్కరు ఏమయ్యారో వెతికాడు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో, వాటి పొర క్యాన్సరుతో పోయినవాళ్ళు 45 మంది. మామూలు జనంలో ఆ వయసువాళ్ళలో అయితే 6, 7 మందికి మించి ఉండకూడదు. 1964లో ఆ లెక్క అచ్చయింది. ఆ తర్వాత ఆస్బెస్టాస్ ఏమీ చెయ్యదని బుకాయించడం కంపెనీలకు కష్టమైపోయింది. ఆ పట్టీ రాసిన గుమాస్తా ఎవరో మనకు తెలియదు. చందా కట్టారా, పింఛను ఎవరికి అని చూసుకోవడానికి రాసి ఉంటాడు. 20 ఏళ్ళు దాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా బీరువాలో పెట్టినవాళ్ళ రుణం ఎవరూ తీర్చలేరు.

అక్కడితో ఆగలేదు. ఒక్కొక్క కార్మికుడు కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన మాటల్లోంచి చోట్ల పట్టీలు తయారయ్యాయి. ఫలానా పవర్‌హౌస్, ఫలానా ఓడల కార్ఖానా, ఫలానా బడి బిల్డింగు, ఏ ఏళ్ళలో, ఏ సామాను. 1982లో జాన్స్ మాన్విల్ అనే పెద్ద ఆస్బెస్టాస్ కంపెనీ కేసుల దెబ్బకు దివాలా పిటిషను వేసింది. తర్వాత అట్లాంటి కంపెనీల డబ్బుతో బాధితుల కోసం ట్రస్టులు పెట్టారు. కొన్ని ట్రస్టులు ఆ చోట్ల పట్టీలే చూస్తాయి. ఆ చోట, ఆ ఏళ్ళలో పనిచేశానని రుజువు చూపితే సగం దారి నడిచినట్టే. అంటే మొదట నోరు విప్పి చెప్పిన మనిషి, తన వెనక వచ్చేవాళ్ళందరికీ సాక్ష్యం రాసిపెట్టి పోయాడన్నమాట.

మన జిల్లాలో ఏమున్నాయో మీకు చెప్పాలా? బొగ్గు బాయిలున్నాయి, థర్మల్ ఉంది, సిమెంటు కార్ఖానాలున్నాయి, కాగితం మిల్లుంది, కంకర కొట్టే గిట్టీ క్రషర్లున్నాయి. మునిసిపాలిటీ నల్లా పైపుల పని చేసినవాళ్ళున్నారు. ఏసీ పైపు అంటాం చూడండి, అందులో ఏ అంటే ఆస్బెస్టాస్. భూమిలో ఉన్నప్పుడు పరవాలేదు, రంపం పెట్టి కోసినప్పుడు లేచేదే దుమ్ము. రేకుల కప్పులు కోసిన మేస్త్రీలూ అంతే. ఆస్బెస్టాస్ ఒక్కటే కాదు. రాయి తొలిచే డ్రిల్లు దగ్గర, క్రషర్ దగ్గర లేచే సిలికా దుమ్ము సిలికోసిస్ తెస్తుంది. బొగ్గు దుమ్ముకు దాని రోగం దానికుంది. వీటన్నిటికీ ఒకే గుణం, ఇవాళ పీలిస్తే రేపు తెలియదు. 10 ఏళ్ళు, 20 ఏళ్ళు. ఆస్బెస్టాస్ తెచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సరైతే 40, 50 ఏళ్ళకు కూడా బయటపడుతుంది. మనవడు పెండ్లీడుకు వచ్చినంక తాత చేసిన పని గుర్తుకు తెచ్చుకోవాల్సి వస్తుంది.

ఇక అక్కలు, అవ్వలు ఎందుకు అంటే. మా అవ్వ బాపు అంగీని లోపలికి తేనిచ్చేది కాదు. వాకిట్లోనే నిలబెట్టి విప్పించి, రెండు చేతులా పట్టుకొని గోడకేసి టపటపా దులిపేది. పొద్దుటి ఎండలో ఆ పోగులు మెరిసేవి. దూది ఏకినప్పుడు ఎగిరే పిప్పి లాగా. నేను చిన్నపిల్లను, వాటిని పట్టుకోవడానికి గెంతేదాన్ని. 1965లో లండన్‌లో ఇద్దరు పరిశోధకులు ఒక దవాఖానలో దొరికిన 76 మంది మెసోథీలియోమా రోగుల చరిత్ర తవ్వారు. అందులో 9 మంది ఏనాడూ ఆస్బెస్టాస్ పని చేసినవాళ్ళు కాదు. వాళ్ళ ఇంట్లో ఎవరో చేశారు. ఎక్కువమంది భర్తల పని బట్టలు ఉతికిన ఆడవాళ్ళు. కాబట్టి అవ్వా, నీ కాయితం కూడా నువ్వు రాయించాలి. బట్టలు ఎన్నేళ్ళు ఉతికావు, ఎట్లా దులిపేదానివి, ఇంట్లోనా, బయటా, పిల్లలు పక్కన ఉండేవాళ్ళా. ఇంకో మాట కూడా ఉంది. మొగవాళ్ళు మరిచిపోయిన తారీఖులు మీకు గుర్తుంటాయి. పెద్దోడు పుట్టినప్పుడు ఆయన ఏ ఊళ్ళో పని మీద ఉన్నాడో చెప్పగలిగేది మీరే.

రాయడం ఎట్లాగో చెప్తాను. దీనికి కొంచెం టైం తీసుకుంటాను, కూర్చోండి.

మొదట తారీఖులు. "ఏ సాలు" అని అడిగితే ఎవరికీ గుర్తుండదు. నేను అట్లా అడగను. ఇందిరమ్మను చంపినరోజు నువ్వు ఎక్కడున్నావు కాకా, అని అడుగుతాను. వెంటనే చెప్తారు, ఫలానా చోట రెండో పాళీలో ఉన్నాం, సైట్ బంద్ చేసి ఇంటికి పంపారని. అది 1984 అక్టోబర్ 31. గోదారి వరద వచ్చినప్పుడు? 1986 ఆగస్టు. కపిల్‌దేవ్ కప్పు గెలిచినప్పుడు? 1983 జూన్. ఎమర్జెన్సీలో? బిడ్డ పెండ్లికి ముందా, వెనకా? ఇట్లా నాలుగు గుంజలు పాతితే మధ్యలో ఉన్న పని దానంతటదే తీగ మీదికి పాకుతుంది.

తర్వాత చోటు. "థర్మల్లో చేశాను" అని రాస్తే చాలదు. ఏ యూనిట్, బాయిలర్ దగ్గరా, టర్బైన్ దగ్గరా, ఎన్నో అంతస్తు, కిటికీలుండేవా, ఫ్యాను ఉండేదా. బాయిలో అయితే ఏ సీము, అంటే ఏ బొగ్గు పొర, డ్రిల్లు మీదున్నావా, బండ్లు తోసే ట్రామింగు మీదున్నావా, రాతి పని ఉండేదా. తర్వాత చేతికి తగిలిన సామాను. శాస్త్రీయమైన పేరు తెలియకపోతే మీరు పిలిచిన పేరే రాయండి. తెల్ల మట్టి అంటే తెల్ల మట్టి. సంచి రంగు, సంచి మీద బొమ్మ, వాసన, ముట్టుకుంటే ఎట్లా ఉండేది. ఒక కాకా "అన్నీ ఆస్బెస్టాసే రాయి బిడ్డా" అన్నాడు. రాత్రిళ్ళు ఒళ్ళంతా దురద పుట్టేదా అని అడిగాను. అబ్బో, గోక్కోలేక చచ్చేవాళ్ళం అన్నాడు. అయితే అది చాలావరకు గ్లాస్‌వూల్ అయి ఉంటుంది కాకా, ఆస్బెస్టాస్ మెత్తగా ఉంటుంది, అట్లా కుచ్చుకోదు అని చెప్పి, ఆయన చెప్పిన దురదే రాశాను. ఆస్బెస్టాస్ అని రాయలేదు. ఆయనకు కొంచెం కోపం వచ్చింది. కానీ చూడని సంగతి ఒక్కటి రాసినా అవతలివాళ్ళ వకీలు దాన్నే పట్టుకుంటాడు, తక్కిన నిజాలన్నీ దాంతోపాటు కొట్టుకుపోతాయి. తెలియని చోట తెలియదు అని రాయండి. ఖాళీ గడి మనకు నష్టం చెయ్యదు.

ఆ తర్వాత పని తీరు. పొడిగా కొట్టారా, తడిపి కొట్టారా. రోజుకు ఎన్ని గంటలు. దుమ్ము ఎవరు ఊడ్చేవాళ్ళు. ఇక్కడ చాలామంది ఒకటి మరిచిపోతారు. లాగింగ్ కొట్టేవాడి పక్కన వెల్డరు ఉంటాడు, ఫిట్టరు ఉంటాడు, కింద చీపురు పట్టుకొని ఆడకూలీ ఉంటుంది. వాళ్ళు సామాను ముట్టుకోరు, దుమ్ము మాత్రం అందరూ పంచుకుంటారు. అందుకని మీతో పనిచేసినవాళ్ళ పేర్లు రాయండి, ఊరుతో సహా. వాళ్ళలో బతికున్న ఇద్దరితో సంతకం పెట్టించండి. రాసింది వాళ్ళ భాషలో, తెలుగో మరాఠీయో, చదివి వినిపించి, అవునంటేనే సంతకం. ప్రతి పేజీ మీద తారీఖు. అవసరమైతే తర్వాత నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించొచ్చు. ముందు ఈ కాయితం ఉండాలి.

ఇక ఇంట్లో ఉన్నవి. పీఎఫ్ చీటీ, పాత గేట్‌పాస్, ఈఎస్ఐ కార్డు, జీతం చీటీ, యూనియన్ చందా రసీదు, వర్క్‌షాపులో విశ్వకర్మ పూజ రోజు దిగిన గ్రూపు ఫోటో. ఆ ఫోటో వెనక్కి తిప్పండి, స్టూడియో ముద్ర ఉంటుంది, ఒక్కోసారి తారీఖు కూడా. ఫోటోలో గొట్టం కనబడుతోందా, దాని మీద ఏం చుట్టి ఉందో చూడండి. ఎక్స్‌రే ఫిల్ములు మాత్రం దయచేసి పారేయొద్దు. దీపావళి ముందు ఇల్లు దులిపి పాత సామాను కొనే భంగారోడికి అమ్ముకున్నామని ఎంతమంది చెప్పారో. ఆ ప్లాస్టిక్ ముక్కకు వాడిచ్చేది ఏపాటి? పదేళ్ళ కిందటి ఫిల్ము పక్కన ఇప్పటిది పెడితేనే రోగం ఎట్లా నడిచిందో తెలుస్తుంది.

చట్టం గురించి నాలుగు మాటలు. లోతుగా వకీలు చెప్పాలి, నేను తెలిసినంతే చెప్తాను. కాంట్రాక్టు కూలీల కోసం 1970లో చట్టం వచ్చింది. దాని నియమాల్లో ఠేకేదారు ప్రతి మనిషికీ ఉద్యోగ కార్డు ఇవ్వాలని, పని విడిచినప్పుడు సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలని ఉండేది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలీకి 1979 చట్టం ప్రకారం ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాల్సి ఉండేది. ఈ రెండు చట్టాల చోట 2025లో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. ఈ సభలో ఆ పాస్‌బుక్కు చేతికి అందినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

(ఎవరూ చెయ్యెత్తలేదు.)

సరే. ఇంకోటి వినండి. ఆ కాంట్రాక్టు రిజిస్టర్లను ఎన్నేళ్ళు దాచాలి? అప్పటి కేంద్ర నియమాల్లో చివరి పద్దు రాసిన రోజు నుంచి 3 ఏళ్ళు. రోగం బయటపడేది 30 ఏళ్ళకు. ఈ రెంటికీ మధ్యలో ఉన్న 27 ఏళ్ళు మా బాపు లాంటివాళ్ళు అసలు పుట్టనట్టే లెక్క. మా ఠేకేదారు కొడుకు దగ్గరికి పోతే, "ఆ పేరుగల మనిషి మా దగ్గర పనిచెయ్యలేదు" అన్నాడు. ఆయన అబద్ధమాడాడని నేను అనను. ఆయన దగ్గర కాయితం లేదు. నా దగ్గర ఈ పుస్తకం ఉంది.

ఆస్బెస్టాస్ విషయంలో సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఒక తీర్పు ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్య రికార్డు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్ళు, లేదా పని మానేసినప్పటి నుంచి 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని చెప్పింది. కార్మికుడి ఆరోగ్యం అతని బతికే హక్కులో భాగమంది. రోగం ఎంత నెమ్మదిగా వస్తుందో ఆ న్యాయమూర్తులకు అర్థమైంది, అందుకే 40 అన్నారు. ఆ రికార్డు మీకు కావాలని అడగండి. బొగ్గు బాయిల్లో పర్మినెంటుగా చేసినవాళ్ళకు 5 ఏళ్ళకోసారి డాక్టరీ పరీక్ష జరగాలని మీ కాలపు గనుల నియమాల్లోనే ఉండేది. ఆ కాయితాల నకళ్ళు సమాచార హక్కు కింద ప్రభుత్వ కంపెనీని అడగొచ్చు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తు రాయడానికి నేను కూర్చుంటాను.

నష్టపరిహార చట్టం 1923 నాటిది, 2025లో కొత్త సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. సిలికోసిస్, ఆస్బెస్టాస్ దుమ్ము తెచ్చే ఊపిరితిత్తుల రోగం ఆస్బెస్టోసిస్, బొగ్గు దుమ్ము రోగం ఆ చట్టం పట్టికలో ఉండేవి. అందులో మన లాంటివాళ్ళకు పనికొచ్చే ముక్క ఒకటుండేది. ఇట్లాంటి రోగం వచ్చిన మనిషి ఒకరికన్నా ఎక్కువమంది యజమానుల కింద పనిచేసి ఉంటే, వాళ్ళందరూ కలిసి కమిషనర్ చెప్పిన వాటా ప్రకారం కట్టాలని. ఊరూరా తిరిగిన గ్యాంగు మనిషికి "ఎవరి దగ్గర వచ్చిందో ఎట్లా చెప్తావు" అని దబాయిస్తారు. దానికి జవాబు ఇది. ఎవరెవరి దగ్గర ఎన్నెన్ని రోజులు చేశాడో మాత్రం మనం చూపించాలి.

(ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి: "బిడ్డా, నేను 40 ఏండ్లు బీడీ తాగిన. దవాఖానల అందరు బీడీ రోగమే అంటరు. నా కాయితం ఎవరు నమ్ముతరు?")

మంచి మాట అడిగావు కాకా, కూర్చో. బీడీని దాచకు. రోజుకు ఎన్ని తాగేవాడివో, ఎప్పుడు మానేశావో అదీ రాయి. ఆ సెలికాఫ్ వాళ్ళే 1979లో లెక్కగట్టారు. ఆస్బెస్టాస్ ముట్టని, పొగ తాగని మనిషితో పోలిస్తే, ఆస్బెస్టాస్ ఒక్కటే ఉన్నవాడికి ఊపిరితిత్తుల క్యాన్సరుతో చచ్చే ప్రమాదం దాదాపు 5 రెట్లు. పొగ ఒక్కటే ఉంటే దాదాపు 11 రెట్లు. రెండూ కలిస్తే 16 కాదు, 50 రెట్లు దాటింది. అంటే దుమ్ము నీ బీడీని ఇంకా విషం చేసింది. బీడీ తాగావు కాబట్టి దుమ్ముకు సంబంధం లేదనడం తప్పు లెక్క. ఇంకో సంగతి, ఆస్బెస్టోసిస్ బీడీతో రాదు. సిలికోసిస్ బీడీతో రాదు. దుమ్ముతోనే వస్తాయి. కానీ కాకా, ఇప్పుడైనా జేబులో ఉన్న ఆ కట్ట నాకు ఇచ్చెయ్యి. రోగం నుంచి దూరంగా జరగడానికి మన చేతిలో ఉన్నది అదొక్కటే.

మరో సంగతి కూడా చెప్పాలి. ఇది విని ఇంటికి పోయి టీబీ గోలీలు ఎవరూ ఆపొద్దు. సిలికా దుమ్ము పీల్చిన ఊపిరితిత్తికి నిజంగానే టీబీ తొందరగా పడుతుంది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. మీ పని చరిత్ర రాసిన కాయితం డాక్టరు ముందు పెట్టండి, ఆయన చూసి చెప్పనీయండి. మా బాపు పుస్తకంలోని పదకొండు పేర్లలో నలుగురిని నేను వెతికి పట్టుకున్నాను. ఆ నలుగురికీ ఎక్స్‌రే తీసి, ఈ పేజీల నకళ్ళు జతచేసి నాగపూర్ పంపాను. ఒకరికి రోగం పేరు మారింది, మందు మారింది. ఒకాయన ఫిల్ము శుభ్రంగా ఉంది, ఆయన ఇంటికొచ్చి మా అవ్వ చేతి చాయ్ తాగి ఏడ్చి వెళ్ళాడు. మాకు డబ్బేమీ రాలేదు. ఆలస్యమైపోయింది, ఠేకేదారు పేరు మీద ఇప్పుడు ఏ ఆఫీసూ లేదు. అది చెప్పకపోతే మీకు ఉత్త ఆశ పెట్టినట్టవుతుంది.

ఆ మూల మేజా మీద కాయితాలున్నాయి. పెన్నులున్నాయి. కాలేజీ పిల్లలు పది మంది వచ్చారు, ఒక్కొక్కరు ఒక్కొక్క పెద్దాయన దగ్గర, పెద్దమ్మ దగ్గర కూర్చుంటారు. పిల్లలూ, చెప్పింది చెప్పినట్టే రాయండి, మీ భాషలోకి మార్చొద్దు. తొందర పెట్టొద్దు. మధ్యలో మాట ఆగిపోతే ఆగనీయండి, దమ్ము తీసుకోనీయండి.

అంతకన్నా ముందు ఒక సాయం కావాలి. ఈ పుస్తకంలో పదకొండో పేరు పూర్తిగా లేదు. "సిరొంచ పోరడు" అని ఉంది, అంతే. పక్కన హాజరీ: 9 దినాలు, పాత లాగింగ్ కొట్టుడు. 1981 ఎండాకాలం. అప్పుడు పోరడంటే ఇప్పుడు 60 దాటి ఉంటాడు. అవ్వ చెప్తోంది, ఎడమచెయ్యి వాటం మనిషి, కిన్నెర వాయించేవాడు, ఒకసారి మా ఇంట్లో అన్నం తిన్నాడని. సిరొంచ దిక్కు చుట్టాలున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎవరికైనా ఎరుకుంటే సభ అయినంక నా దగ్గరికి రండి.